ఐదో ఫౌల్

జనగామ,
6 సెప్టెంబర్ 2025

మామా, రామ్ రామ్.

కవరు చూసి పరేషాన్ కాకు, అంతా బాగానే ఉన్నాం. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ, మంచిగున్న" అని నాలుగుసార్లు అని పెట్టేశావు. నేను అడిగింది రుక్మిణి అత్త మోకాలి నొప్పి గురించి. మెసేజ్ పెడదామంటే నీ బటన్ల ఫోన్‌లో తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుందంటివి. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చుకున్నాను. పద్దెనిమిదేళ్లు బొగ్గుబాయిలో డ్రిల్లు మిషన్ పట్టి నీ చెవులు పోయాయి గానీ, కళ్లు నాకంటే నయం కదా.

సంగతేమిటంటే, నేను కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్నాను. నేను చేరలేదు, చేర్చుకున్నారు. మెస్‌లో ప్లేటు పట్టుకుని నిలబడితే మా ఆటల సార్ బిక్షపతి గారు వచ్చి కిందినుంచి మీదిదాకా చూశారు.

"ఎంత పొడుగున్నవ్‌రా?"

"ఆరడుగుల రెండంగుళాలు సార్."

"బాల్ ఎన్నడన్న పట్టినవా?"

"లేదు సార్. తేనెపట్టు పట్టిన."

"రేపు ఆరింటికి గ్రౌండ్‌కు రా. బాల్ కుట్టదు."

మా కోర్టు నువ్వు చూస్తే నవ్వుతావు. సిమెంటు పగిలి మధ్యలో గడ్డి మొలిచింది. ఒక రింగుకు జాలీ ఉంది, ఇంకోదానికి లేదు. మా జోన్‌లో ఎనిమిది కాలేజీలు. మా కాలేజీ సెమీఫైనల్ మొహం చూసి పదకొండేళ్లయిందట. ఈసారి ఫైనల్ ఎక్కడో తెలుసా? మీ భూపాలపల్లిలోనే. మా కెప్టెన్ నగేశ్, పెద్దవంగరవాడు, "మనం భూపాలపల్లి పోతున్నం" అని రోజూ అంటాడు. అందరం నవ్వుతాం, వాడు నవ్వడు.

సార్ నన్ను డిఫెన్స్‌లో పెట్టారు. ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు అక్కడే పనికొస్తారట. తెల్లారకముందే పరుగు, తర్వాత డ్రిల్లు. అవతలివాడు ఎటునుంచి వచ్చినా ప్రాణం పెట్టి ఆపాలంటారు. మా యాడికి మాత్రం ఇప్పుడే చెప్పకు, అమ్మ కదా, దెబ్బలు తగులుతాయని భయపడుతుంది.

అత్తను అడిగానని చెప్పు.

నీ అల్లుడు,
కల్యాణ్


భూపాలపల్లి,
14 సెప్టెంబర్ 2025

అల్లుడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా పేరు మీద ఇంటికి ఉత్తరం రావడం ఏళ్ల తర్వాత ఇదే. పోస్టుమ్యాన్ కూడా ఆశ్చర్యపోయి గేటు దగ్గరే నిలబడ్డాడు.

నువ్వు డిఫెన్స్‌లో చేరిన సంగతి చదివి నా మనసు ఒకచోట లేదు. ఆట ఆడేవాళ్లలోంచి పొడుగువాళ్లను మిలిటరీకి ఏరుకుంటారని విన్నాను గానీ ఇంత తొందరగా అనుకోలేదు. దేశానికి పోయేవాణ్ని ఆపకూడదు. కానీ డిగ్రీ ఇంకా ఏడాదిన్నర ఉంది కదా. అది అయ్యాక తీసుకోరా? ఏ ఊళ్లో వేస్తారు? చలిచోటైతే మీ అత్త ఉన్ని బనీను కొనిపెడతానంటోంది.

నువ్వు చెప్పొద్దన్నావు, నేను చెప్పలేదు. మీ అత్తకు చూపించాను, అంతే. ఆమె నా తోబుట్టువు తుల్సీకి ఫోన్ చేసింది. మీ యాడి మొదట ఏడ్చిందట, తర్వాత మొహం కడుక్కుని తండాలో ఇంటింటికీ పోయి చెప్పిందట. హైదరాబాద్‌లో పని మీదున్న మీ బాపుకు కూడా కబురు పోయింది.

ఇక్కడ నా పని మామూలే. బాయిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకోవడం. ఈ లాంప్ రూంలో చెవులతో పనిలేదు. అందుకే నన్నిక్కడ వేశారు.

ధైర్యంగా ఉండు.

మీ మామ,
టీక్యా


జనగామ,
21 సెప్టెంబర్ 2025

మామా, ఎంత పని చేశావు మామా!

డిఫెన్స్ అంటే మిలిటరీ కాదు. మన రింగులో అవతలివాళ్లు బాల్ వేయకుండా అడ్డుకోవడం. అంతే. యాడి మొన్న హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ చేసి, "నా కొడుకు బార్డర్‌కు ఎప్పుడు పోతడు సారూ?" అని అడిగింది. వార్డెన్ నన్ను పిలిచి, "ఫీజు కట్టకుండ బార్డర్‌కు పోతున్నవా?" అన్నాడు. తండాలో నాకు శాలువా కప్పాలని కూడా అనుకున్నారట. నిన్న గంటసేపు ఫోన్‌లో చెబితే యాడి చివరకు, "అయితే బాల్ కోసమా నేను ఏడ్చింది?" అని పెట్టేసింది.

ఇక ఆట సంగతి. మొదటి మ్యాచ్ మహబూబాబాద్‌లో. పొద్దున రైలెక్కి పోయాం. వాళ్లు 61, మేము 28. నేను మూడుసార్లు ట్రావెలింగ్‌కు దొరికిపోయాను. అందరి ముందు పరువు పోయింది. రెండో మ్యాచ్ కూడా పోయింది. తిరిగొచ్చేటప్పుడు రైల్లో నగేశ్ బ్యాగులోంచి సకినాలు తీసి అందరికీ పెట్టి, "ఫైనల్‌కు ఇంకా పోదామనే అనుకుంటున్నరా, లేదా?" అన్నాడు. నోటి నిండా సకినాలుంటే కాదని ఎలా అంటాం?

వాడి చేతిలో బాల్ ఉంటే చూడాలి మామా. నా నడుము ఎత్తున వంగి, నలుగురి మధ్యలోంచి చేపలా జారిపోతాడు.

దయచేసి ఈ ఉత్తరం అత్తకు పూర్తిగా చదివి వినిపించు.

కల్యాణ్


భూపాలపల్లి,
5 అక్టోబర్ 2025

అల్లుడూ,

తప్పు నాదే. తుల్సీ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడినా నాకు వినపడదు కాబట్టి పెద్ద తేడా లేదు.

కానీ ఒక మాట కఠినంగా చెప్పాలి. రైల్లో టికెట్ లేకుండా పోవడం మంచిది కాదు. ఒకసారి దొరికితే మరిచిపోయావనుకుందును. మూడుసార్లు! కాలేజీ వాళ్లు ఇవ్వకపోతే మామను అడగాలి గానీ ఇలా పట్టుబడొచ్చా?

మా లాంప్ రూంలో నువ్వు ఆడుతున్నావని అందరికీ చెప్పాను. మా కుర్రవాళ్లలో ఒకడు స్పోర్ట్స్ క్లబ్బు నుంచి నియమాల పుస్తకం తెచ్చిస్తానన్నాడు. చదివాక నీకు సలహాలు రాస్తాను.

మీ మామ,
టీక్యా


జనగామ,
27 అక్టోబర్ 2025

మామా, రామ్ రామ్.

బాల్‌ను నేలకు కొట్టకుండా చేత్తో పట్టుకుని అడుగులేస్తే దాన్ని ట్రావెలింగ్ అంటారు. అది ఆటలో తప్పు. రైలుకు టికెట్ కొన్నాను, అందరం కొన్నాం. ఆ పుస్తకం తొందరగా తెప్పించుకో.

తర్వాత రెండు గెలిచాం. రెండోది జనగామలో, మా పగిలిన సిమెంటు మీదే. గడ్డి ఎక్కడుందో మాకు తెలుసు, వాళ్లకు తెలియదు. నేను పన్నెండు రీబౌండ్లు పట్టాను. అంటే రింగుకు తగిలి తప్పిపోయిన బాల్‌ను మళ్లీ అందుకోవడం. ఇంకొక్కటి గెలిస్తే సెమీస్.

కానీ మా మధ్య ఒక గొడవ నడుస్తోంది. నగేశ్ పది రోజులుగా ప్రాక్టీసుకు రావడం లేదు. ఫోన్ ఎత్తడు. ఒక మ్యాచ్ కూడా ఎగ్గొట్టాడు, అది ఓడిపోయాం. ఏదో పెద్ద అకాడమీ వాళ్లు తీసుకుపోయారని ఒకడంటాడు, పొగరు పెరిగిందని ఇంకొకడు. సార్ నిన్న నన్ను పక్కకు పిలిచి, "వచ్చే సోమవారం దాక చూస్త. తర్వాత కెప్టెన్ నువ్వే" అన్నారు. నేను కాదనలేదు. నిజం చెబుతున్నా, రాత్రి పడుకుని 'కెప్టెన్ కల్యాణ్' అని రెండుసార్లు లోపలే అనుకున్నాను. బాగానే ఉంది వినడానికి.

నువ్వేమంటావు?

కల్యాణ్


భూపాలపల్లి,
30 అక్టోబర్ 2025

అల్లుడూ,

ఇది తొందరగా చేరాలని స్పీడు పోస్టులో వేస్తున్నాను.

పోయినేడు ఒకరోజు మొదటి షిఫ్టు అయిపోయింది. అందరి దీపాలు వచ్చాయి, ఒకటి రాలేదు. నూట పన్నెండో నంబరు. అందరూ ఇళ్లకు పోయే తొందరలో ఉన్నారు. ఒకడు, "దీపంతోటే ఇంటికి పోయిండు, తాగినోడు" అన్నాడు. ఇంకొకడు బండబూతు తిట్టాడు. వాళ్ల పెదాలు చూస్తే నాకు తెలుస్తుంది. ఆ మనిషి కోసం నేను బాయి మీదంతా తిరిగాను. స్నానాల గది వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఒళ్లు కాలిపోతోంది. లేచి పది అడుగులు వేసే శక్తి లేక అక్కడే కూలబడ్డాడు. ఆయన్ను దవాఖానకు చేర్చాక తిట్టినవాళ్లు తలలు దించుకున్నారు.

మీ నగేశ్ ఏమయ్యాడో నాకు తెలియదు. పొగరే కావచ్చు. కానీ మీరు పదిమంది ఉన్నారు, పెద్దవంగర ఏమంత దూరం? మీలో ఒక్కడైనా పోయి అడిగాడా?

కెప్టెన్ కావాలనుకోవడం తప్పు కాదు. అడిగి వచ్చాక అవ్వు.

మీ మామ,
టీక్యా


జనగామ,
10 నవంబర్ 2025

మామా,

నీ ఉత్తరం చదివిన రోజే తొర్రూరు బస్సెక్కాను. అక్కడినుంచి పెద్దవంగరకు ఆటో.

నగేశ్ వాళ్లది ఊరి చివర రేకుల ఇల్లు. వాళ్ల బాపు మంచం మీద ఉన్నాడు, కాలికి సిమెంటు కట్టు. మోటారు వేయడానికి పోయి ఒడ్డు మీదనుంచి జారిపడ్డాడట. నాలుగెకరాల పత్తి తెల్లగా పగిలి ఉంది. అప్పటికే వారం వాన పట్టి కింది కాయలు నల్లబడ్డాయి, మళ్లీ వానంటున్నారు. కూలీలు దొరకరు, ఊరంతా పత్తే కదా. నగేశ్, వాళ్లమ్మ సాయమ్మ, ఇద్దరే ఏరుతున్నారు. నన్ను చూసి వాడు సంచి కింద పెట్టలేదు.

"సార్ పంపిండా?"

"లేదు."

"మరి ఎందుకొచ్చినవ్?"

"ఫోన్ ఎందుకు ఎత్తవురా?"

"ఎత్తి ఏం చెప్పాలె? మా బాపు కాలు ఇరిగింది, మ్యాచ్ ఆపుండ్రి అని చెప్పాల్నా?"

ఆదివారం జట్టంతా దిగాం మామా. పదకొండు మందిమి, బిక్షపతి సార్ కూడా. అందరం ఆరడుగుల మనుషులం, పత్తిచెట్టు నడుముదాకానే. సాయమ్మ చూసి, "ఏందిరా, కరెంటు స్తంభాలను తోలుకొచ్చినవ్? వీళ్ల నడుములు ఎట్ల వంగుతయి?" అంది. మధ్యాహ్నానికి నిజంగానే వంగలేదు. సార్ ఒక సాలు మధ్యలో కూర్చుండిపోయి, "జర నన్ను లేపుండ్రిరా" అన్నారు. సాయంత్రం దాకా ఏరితే మేం పదకొండు మందిమి కలిసి ఏరింది, సాయమ్మ లెక్కలో, నలుగురు ఆడవాళ్లు ఏరేంత. అయినా ఆమె కోడిని కోసింది. రెండు ఆదివారాల్లో మొత్తం పత్తి ఇంటికి చేరింది.

నగేశ్ తిరిగొచ్చాడు. ఇప్పుడు ప్రాక్టీసు సాయంత్రం, వాడు పొద్దున పనులు చూసుకుని బస్సుకు వస్తాడు. కెప్టెన్ వాడే. సార్ ముందు నేనే ఆ మాట చెప్పాను. సార్ "తెలుసు" అన్నారు, అంతే.

ఆఖరి లీగ్ మ్యాచ్ గెలిచాం. సెమీస్‌లో ఉన్నాం మామా! పదకొండేళ్ల తర్వాత!

కల్యాణ్


భూపాలపల్లి,
18 నవంబర్ 2025

అల్లుడూ,

చాలా సంతోషం. నీ ఉత్తరం లాంప్ రూంలో బిగ్గరగా చదివాను. నేను ఎంత బిగ్గరగా చదువుతానో నాకు తెలియదు, మేనేజరు తన గదిలోంచి బయటికి వచ్చాడు. ఆయన కూడా నిలబడి చివరిదాకా విన్నాడు.

అయితే ఇంటిదగ్గర వేరే మంట అంటుకుంది. మీ అత్త పత్తి సంగతి తుల్సీకి చెప్పింది. తుల్సీ ఏమందో మీ అత్త ఒక కాగితం మీద రాసి నాకు చూపించింది. "మన మిరపచేన్ల కలుపు మనిషెత్తు పెరిగింది. నడుము నొస్తుందని దసరా సెలవులల్ల మంచం దిగలే. ఊరోళ్ల పత్తి ఏరనీకె మాత్రం నడుము వంగిందా?" ఆమె అన్నది నిజమే కదా?

నియమాల పుస్తకం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. బొమ్మలు చూశాను. రెఫరీ చేతులు రకరకాలుగా పెడతాడు. ఒకటి మాత్రం దారి ఆపే ట్రాఫిక్ పోలీసులా ఉంది. బొమ్మలతో నేను నేర్చుకోగలను, చెవితో పని లేని ఆట ఇది.

సెమీస్ గెలిచి రండి. జట్టంతా మా ఇంట్లోనే తినాలి. మీ అత్త ఇప్పటినుంచే గిన్నెలు అడిగి పెడుతోంది.

మీ మామ,
టీక్యా


జనగామ,
7 డిసెంబర్ 2025

మామా, రామ్ రామ్.

వస్తున్నాం! సెమీస్‌లో 49–44. మొదటి మ్యాచ్‌లో మమ్మల్ని ముప్పై మూడు తేడాతో కొట్టిన మహబూబాబాద్ వాళ్ల మీదే. నగేశ్ ఒక్కడే ఇరవై ఒకటి వేశాడు. గెలిచాక వాడు నవ్వుతాడనుకుంటే కోర్టు మధ్యలో కూర్చుని ఏడ్చాడు.

యాడి కోపం చల్లారింది. సెమీస్‌కు ముందు రెండు రోజులు బయ్యారం దగ్గర మా తండాకు పోయి మిరపచేనులో కలుపు తీశాను. నాతో నగేశ్ కూడా వచ్చాడు. యాడి వాణ్ని చూసి, "పత్తి పిలగాడు వీడేనా? మంచిగ వంగుతడు" అంది. నాకు రొట్టె ఒకటి, వాడికి రెండు.

ఫైనల్ పదమూడో తేదీ, శనివారం, మీ భూపాలపల్లి జట్టు మీదే. సార్‌కు నీ గురించి అంతా చెప్పాను. నువ్వు స్పీడు పోస్టులో పంపిన ఉత్తరం కూడా చూపించాను. ఆయన, "ఆ మనిషి గ్యాలరీల కాదు, మన బెంచ్ మీద కూసోవాలె" అన్నారు. జట్టు మనుషులు కూర్చునే బెంచ్ అది మామా, అందరికీ దొరకదు.

ఒక్కటే భయం. ఒక మనిషి ఐదు ఫౌళ్లు చేస్తే ఇక ఆ మ్యాచ్‌లో ఆడనివ్వరు. నాకు ప్రతి మ్యాచ్‌లో నాలుగు అవుతున్నాయి.

మంచి చొక్కా వేసుకుని రా.

కల్యాణ్


జనగామ,
15 డిసెంబర్ 2025

మామా,

శనివారం నీతో మాట్లాడకుండా బస్సెక్కినందుకు కోపంగా ఉన్నావేమో. నాకూ కోపంగానే ఉంది, దాచను.

మూడు నిమిషాలు మిగిలి ఉన్నాయి. మేం 52, వాళ్లు 51. అవతలివాడు దూసుకొస్తే అడ్డం పోయాను, ఇద్దరం గుద్దుకున్నాం, రెఫరీ నాకు ఐదో ఫౌల్ ఇచ్చాడు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ నేను లేచి కూర్చునేసరికి నువ్వు కోర్టు మధ్యలో రెఫరీ చెయ్యి పట్టుకుని అరుస్తున్నావు. బెంచ్ మీద ఉన్నవాళ్లు ఆట మధ్యలో లోపలికి రాకూడదు మామా. అందుకు మా జట్టు మీద ఇంకో ఫౌల్ వేసి వాళ్లకు ఒక ఫ్రీ త్రో ఇచ్చారు. అడ్డం ఎవరూ ఉండరు, నిలబడి రింగులో వేయడమే. వాడు వేశాడు. చివరికి 57–56తో ఓడిపోయాం. ఒక్క పాయింటు.

గ్యాలరీలో నవ్వారు. "మామ కొట్లాటకు వచ్చిండు" అని ఎవడో వీడియో తీసి పెట్టాడు. కాలేజీ అంతా చూసింది. నా తరఫున కొట్లాడమని నేను నిన్ను అడిగానా? నేను చిన్నపిల్లవాణ్నా?

అత్త వండిన అన్నం అందరం తిని పోదామనుకున్నాం. తినకుండా వచ్చేశాం. దానికి మాత్రం నా తరఫున అత్తకు క్షమించమని చెప్పు.

కల్యాణ్


భూపాలపల్లి,
20 డిసెంబర్ 2025

అల్లుడూ,

నీ ఉత్తరం చదివాను. ఒక్క పాయింటు సంగతి నాకు ఇప్పుడే అర్థమైంది. నా వల్ల మీ ఏడాది కష్టం పోయింది. బిక్షపతి సార్‌కు, నగేశ్‌కు, అందరికీ నా తరఫున క్షమించమని చెప్పు.

కానీ నేను కొట్లాడటానికి రాలేదు. అదొక్కటి నువ్వు తెలుసుకోవాలి.

నువ్వు పడటం నేను చూశాను. నీ తల వెనక భాగం నేలకు తగిలింది. అప్పుడు నీ కళ్లు మూసుకుపోయాయి. చేతులు పక్కకు పడిపోయాయి. అందరూ రెఫరీ వేళ్లవైపు చూస్తున్నారు. ఆయన ఐదు వేళ్లు చూపిస్తున్నాడు. మీ వాళ్లు ఆయన చుట్టూ చేరారు. నీ వైపు ఎవరూ చూడటం లేదు. అక్కడ ఈల వేశారో, ఎవరైనా దవాఖాన అన్నారో, నువ్వు మూలిగావో, నాకేమీ తెలియదు. నాకు తెలిసింది నువ్వు లేవడం లేదన్నదే. రెఫరీ చెయ్యి పట్టుకుంది ఆయన్ను నీ వైపు తిప్పడానికి. "పిలగాడు లేస్తలేడు, పిలగాడు లేస్తలేడు" అన్నాను. అరిచానంటున్నావు, అరిచే ఉంటాను.

నీకెప్పుడూ చెప్పలేదు. డ్రిల్లు మీద ఉన్నప్పుడు నా పక్కన హన్మంతు అని పనిచేసేవాడు. ఒకరోజు పైనుంచి బండ జారి వాడి మీద పడింది. వాడు నన్ను పిలిచాడట. నాకు మూడడుగుల దూరంలోనే. నేను మిషన్ ఆపి వెనక్కి తిరిగేదాకా నాకు తెలియలేదు. ఎంతసేపు పిలిచాడో ఇప్పటికీ చెప్పడు. బతికాడు, కుంటుతాడు, వారానికోసారి వచ్చి చాయ్ తాగి పోతాడు. ఆ తర్వాత నుంచి మనిషి పడితే నేను ఆగలేను. ఆట అయినా సరే.

తల నొప్పి ఉందా? దవాఖానలో చూపించుకున్నావా? ఈ ఒక్కదానికి వెంటనే జవాబు రాయి. మిగతా ఉత్తరాలకు రాయకపోయినా ఫర్వాలేదు.

మీ మామ,
టీక్యా

అన్నం పారేయలేదు. మీ అత్త మా షిఫ్టు వాళ్లందరినీ పిలిచి పెట్టింది.


జనగామ,
25 డిసెంబర్ 2025

మామా, రామ్ రామ్.

తల బాగానే ఉంది. నీ ఉత్తరం వచ్చిన రోజే దవాఖానకు పోయి చూపించాను, నగేశ్ తోడు వచ్చాడు. ఏమీ లేదన్నారు. పడ్డాక కాసేపు నాకు ఏమీ గుర్తులేదు, ఆ సంగతి నేనే ఎవరికీ చెప్పలేదు. లేచి కూర్చున్నప్పటినుంచే గుర్తుంది. అందుకే నువ్వు ఎందుకు వచ్చావో నాకు తెలియలేదు. తెలియకుండానే అన్ని మాటలు రాశాను. ఆ ఉత్తరం చింపెయ్యి మామా.

నిన్న నీ ఉత్తరం జట్టు ముందు చదివాను. హన్మంతు దగ్గరికి వచ్చేసరికి కాగితం నగేశ్ చేతికిచ్చాను, మిగతాది వాడు చదివాడు. చదివి మడిచి, "అరే, మనం నలుగురం ఆడనే ఉన్నం. వీడు కింద పడితే మనం రెఫరీతోటి పంచాయితీ పెట్టినం. బెంచ్ మీదికెల్లి ఆయన లేచొచ్చిండు" అన్నాడు. కాసేపటికి సార్ స్కోరు కాగితం తెచ్చారు. "ఒక్క పాయింటు అని ఏడుస్తున్నరు కదా. ఈ మ్యాచ్‌ల మనం ఇడిసిన ఫ్రీ త్రోలు ఎన్నో తెలుసా? పదకొండు. అండ్ల ఆరు కల్యాణ్‌వే. గిది మామ ఓడగొట్టిన మ్యాచా?" అన్నారు. ఇంతకంటే మంచి మాట ఎవరైనా నాతో అన్నారా అని ఆలోచిస్తున్నాను.

ఈ రోజు ప్రాక్టీసులో ఒకడు జారి పడ్డాడు. నలుగురం ఒకేసారి ఉరికి ఒకరికొకరం గుద్దుకుని మేమూ పడ్డాం.

ఇంకో వార్త. యూనివర్సిటీ జట్టుకు నగేశ్‌ను తీసుకున్నారు. మా కాలేజీ నుంచి ఇదే మొదటిసారి. నన్ను తీసుకోలేదు. సంతోషంగానే ఉంది, ఒక మూల కొంచెం కుళ్లుగా కూడా ఉంది. నీకు కాబట్టి చెబుతున్నాను. సాయమ్మ అందరికీ బూరెలు పంపింది. నేను ఏడు తిన్నాక ఆ మూల కూడా తగ్గింది.

వచ్చే నెల పదో తేదీన భూపాలపల్లి జట్టు ఇక్కడికి వస్తోంది, స్నేహం కోసం ఒక మ్యాచ్ ఆడటానికి. గెలిచినా ఓడినా పోయేదేమీ లేదు. సార్ నీకు సొంతంగా కార్డు రాశారు, ఇందులోనే పెట్టాను. నువ్వు, అత్త తప్పకుండా రావాలి. యాడి కూడా వస్తానంది. నేను ఆడటం ఆమె ఇంతవరకు చూడలేదు.

నీ అల్లుడు,
కల్యాణ్


భూపాలపల్లి,
2 జనవరి 2026

అల్లుడూ,

సార్ కార్డు లాంప్ రూం గోడకు అతికించాను. సెలవు దొరికింది. నేను, మీ అత్త ముందురోజే బయలుదేరి వస్తాం. హన్మంతు కూడా వస్తానంటున్నాడు, కాదనలేదు.

నగేశ్‌కు నా ఆశీస్సులు చెప్పు. నువ్వు కుళ్లు సంగతి రాశావు. దాచుకోకుండా రాశావు కాబట్టి అది ఎక్కువ రోజులు ఉండదు.

ఈసారి బెంచ్ వద్దు. గ్యాలరీలో చివరి వరుసలో కూర్చుంటాను. నువ్వు పడితే నేను లేవకుండా నా చొక్కా గట్టిగా పట్టుకోమని మీ అత్త తుల్సీకి చెప్పింది. తుల్సీ సరేనంది. కానీ నువ్వు పడితే తుల్సీని ఎవరు పట్టుకోవాలో ఇంతవరకు ఎవరూ ఆలోచించలేదు. ఆమె నాకంటే వేగంగా ఉరుకుతుంది, మధ్యలో ఎవరి మాటా వినదు.

కాబట్టి అల్లుడూ, ఓడితే ఓడు. పడకు.

మీ మామ,
టీక్యా